ఫోర్‌వీల్ ఆశేర్

ఊళ్లో ముగ్గురు ఆశేర్లు ఉండేవాళ్లు. ఒకడు కరెంటు పని చేసేవాడు, ఒకడు చర్చిలో డోలక్ వాయించేవాడు, మూడోవాడు మనవాడు, ఫోర్‌వీల్ ఆశేర్. ఆ పేరు ఊరు పెట్టిందని చెప్పుకునేవాడు గానీ ముందుగా పెట్టుకున్నది తనే. ఫోన్ ఎత్తితే హలో అనడు. "ఫోర్‌వీల్ ఆశేర్ మాట్లాడుతున్న, చెప్పుండ్రి" అంటాడు. ఆర్నెల్లు అట్లా అనగా అనగా ఊరికి కూడా నోటికొచ్చేసింది. మనిషి చెడ్డవాడు కాదు. పిలిస్తే పలుకుతాడు, పని చెబితే చేస్తాడు. కాకపోతే చేసిన పని పదిమందికి తెలియకపోతే అన్నం సహించదు.

శంషాబాదు దాటి కొత్తూరు వైపు పోతూ బెంగళూరు హైవే దిగితే, మూడు కిలోమీటర్ల లోపల వాళ్ల ఊరు. ఆశేర్ కొత్తూరులో ఒక ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. పెళ్లికి ముందు కాటేదాన్‌లో లారీల షెడ్డులో నాలుగేళ్లు పనిచేశాడు. చప్పుడు విని ఇంజిను జబ్బు చెప్పే విద్య అక్కడే అబ్బింది. విమానాశ్రయం తెరిచిన ఏడాది, అంటే రెండువేల ఎనిమిదిలో, ఏదో సర్కారు ఆఫీసువాళ్లు వేలంలో వదిలించుకున్న పాత డీజిల్ జీపును ఇంటికి తెచ్చాడు. తెచ్చాడు అనడం మర్యాదకే. పక్క వీధి కొండల్ తన ట్రాక్టరుకు మోకు కట్టి లాక్కొచ్చాడు, ఆశేర్ స్టీరింగు పట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. సీట్లలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. రేడియేటరులో పోసిన నీళ్లు పోసినట్టే కిందికి కారాయి. భార్య రేచల్ గడపలో నిలబడి ఆ వైభవమంతా చూసింది.

"బియ్యం డబ్బకు మూత లేదు గని, మనకు నాలుగు గీరెల పల్లకి కావాల్సొచ్చింది" అన్నది.

అయితే ఆ జీపు ఊరికే కొన్నది కాదు. దాని వెనక ఒక మాట ఉంది.

ఆశేర్‌కు ఆరేళ్లప్పుడు తల్లి పోతే, తల్లి చెల్లెలు ప్రేమమ్మ పెంచింది. తన బిడ్డ అనుపమకు ఒక ముద్ద, వీడికి రెండు ముద్దలు పెట్టి పెంచింది. ఆమె భర్త ప్రేమయ్య ఒక వానాకాలంలో చనిపోయాడు. వాళ్ల సంఘపు సమాధుల తోట ఊరికి అవతల, ఒర్రె దాటినాక ఉంటుంది. ఆ వాగుకు వంతెన లేదు. ఎండాకాలం దాంట్లో మేకలు పడుకుంటాయి, వానాకాలం మోకాలు దిగే బంకమట్టి. ప్రేమయ్య శవపెట్టె మోస్తున్న నలుగురిలో ఒకడి కాలు జారింది. పెట్టె బోర్లాపడి మూత ఊడింది. వెనక నడుస్తున్న ప్రేమమ్మ అంతా చూసింది.

అది ఆమె మరిచిపోలేదు. ఆదివారం కూడిక అయ్యాక ఆశేర్ పక్కన కూర్చుని ఎప్పుడో ఒకసారి ఆ మాట తీసేది. "మనం మన్ను పొయ్యకముందే మీ చిన్నాయిన మొకం మీద మన్ను పడ్డది కొడుకా. సచ్చినోనికి సిగ్గు లేదంటరు. నేను బతికున్న గదా, నాకున్నది. నన్నయితే గట్ల పడేయకుండ్రి."

"నేనుండంగ నువ్వెట్ల పడ్తవ్ చిన్నమ్మా? నాలుగు గీరెలు తిరిగే బండి తెస్త. ఒర్రెల కెల్లి పూవు లెక్క తీస్కపోత" అని ఆశేర్ మాటిచ్చాడు.

లోకంలో జనం జీపు కొనేది షికారుకో, వ్యాపారానికో. ఇతను చిన్నమ్మ చావుకు కొన్నాడు. ఆ సంగతి ఆమెకు చెబితే, కోపం రావలసింది పోయి, సంబరపడింది. బండి ఇంకా సగం విప్పి ఉండగానే కర్ర పట్టుకుని వచ్చి, వెనక భాగంలోకి తొంగి చూసి, "పొడుగు సరిపోతదా?" అని అడిగింది. ఆశేర్ టేపు తెచ్చి కొలిచి చూపించాడు. "ఇంకో జానెడు మిగులుతది చిన్నమ్మా" అంటే, "మిగిలిన కాడ పూలు పెట్టుండ్రి" అన్నది.

ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి, మనిషి దిగి నిలబడి పనిచేసేంత గుంత తవ్వాడు. శనివారం షిఫ్టు అయ్యాక గుంతలో దిగితే రేచల్ అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయేది. ఏడాది పట్టింది. డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి శుభ్రం చేశాడు. వెనక బరువుకు ఆగేట్టు కమాన్ స్ప్రింగు పట్టీ ఒకటి ఎక్కువ వేశాడు. చిరిగిన గుడ్డ టాపు పీకేసి రేకు టాపు కట్టాడు. ఎత్తు టైర్లు ఎక్కించాడు. రేచల్ అన్నం వార్చే గిన్నెలో కిరసనాయిలు పోసి బేరింగులు కడిగాడు, దానికి వారం రోజులు ఆమె మాట్లాడలేదు. చివరికి వెనక సీట్లు గోడకు మడిచేట్టు చేసి, నేల మీద రెండు ఇనుప పట్టాలు వెల్డింగ్ చేశాడు. పెట్టెను అంచు మీద పెట్టి తోస్తే తొట్రుపడకుండా లోపలికి జారిపోయేట్టు. ఆ పట్టాల పని చూడటానికి పాస్టరు గారు కూడా వచ్చి, "మంచి ఆలోచన ఆశేర్, మనందరికీ పనికొచ్చేదే" అన్నారు.

నిజం చెప్పాలంటే, ఆ మొదటి వానాకాలం జీపు రాజ్యమేలింది. ఒర్రెలో దిగబడ్డ పాల ఆటోను లాగి పడేసింది. సంఘంలో ఇద్దరు ముసలివాళ్లను సమాధుల తోటకు క్షేమంగా చేర్చింది. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు, అది గుంజితే ధన్‌మని నాలుగు చక్రాలూ పట్టేవి. ఆశేర్ దాన్ని గుంజే తీరు చూడాలి. ముందు అద్దంలో మీసం సవరించుకుని, ఎక్కినవాళ్లందరూ చూస్తున్నారని నమ్మకం కుదిరాక గుంజేవాడు.

అంతవరకూ బాగుంది. రెండువేల పదిలో వేసవి మొదట్లో, జీపు ముందు భాగం కింద నుంచి ఖటక్ ఖటక్‌మని చప్పుడు మొదలైంది. ఇంజిను బలాన్ని ముందు చక్రాలకు తీసుకుపోవడానికి ఒక షాఫ్టు, వెనక చక్రాలకు ఒక షాఫ్టు ఉంటాయి. ముందు షాఫ్టు కొసన కీలులా తిరిగే ఇనుప ముక్క, క్రాసు అంటారు, అది అరిగింది. కొత్త క్రాసు తెచ్చేదాకా అని, ఆశేర్ గుంతలో దిగి ఆ షాఫ్టు విప్పేసి, మరునాడు డ్యూటీకి జీపు మీదే పోయాడు.

హాయిగా పోయింది. చప్పుడు లేదు. స్టీరింగు తేలికైంది. డీజిల్ కూడా కాస్త కలిసొచ్చినట్టు తోచింది. ముందు షాఫ్టు లేకపోయినా వెనక రెండు చక్రాలతో జీపు మామూలుగా నడుస్తుంది. పొడి రోడ్డు మీద తేడా తెలియదు. వేసవిలో ఫోర్‌వీల్ ఎందుకు, వానలు పడేలోపు పెడదాంలే అనుకున్నాడు. షాఫ్టును గోనెసంచిలో చుట్టి మంచం కిందికి తోశాడు. వానలు పడ్డాయి. వచ్చే శనివారం అనుకున్నాడు. శనివారాలు వస్తూ పోతూ ఉన్నాయి.

ఒకరోజు ఊడుస్తుంటే రేచల్ చీపురుకు ఆ సంచి తగిలింది. "ఇదేంది, గింత బరువున్నది?"

"స్పేర్ షాఫ్టు."

"అంటే బండికి ఇంకోటి ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే" అన్నాడు ఆశేర్. అదీ మొదటి అబద్ధం. భార్యతో ఆడాడు కాబట్టి తర్వాతవి ఊరితో ఆడటం తేలికైంది.

ఇక అక్కడి నుంచి మనవాడి అవస్థ చూడాలి. బురద కనబడితే పండగ చేసుకునే మనిషి బురదను చూసి పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టాడు. ఒర్రె దారి అంటే, "టైర్లు కొత్తయి, జర ఆగుండ్రి" అనేవాడు. చెరుకు తోట దారి అంటే, చుట్టు తిరిగి హైవే మీది నుంచి వచ్చేవాడు. అడిగినవాళ్లకు "గిదే దగ్గర" అని ఎదురు బుకాయించేవాడు. పిల్లలెవరైనా ఎక్కి రాడ్డు చూపించమంటే మాత్రం గుంజి చూపించేవాడు. ధన్‌మనేది. పిల్లలు కేకలు వేసేవాళ్లు. పైన పటారం, లోన లొటారం. ఆ ఏడాది వానాకాలంలో సంఘంలో ఎవరూ చనిపోలేదు, అది అతని అదృష్టం. ఫోన్‌లో మాత్రం ఫోర్‌వీల్ ఆశేర్ అనడం మానలేదు.

ప్రేమమ్మ మరుసటి ఏడాది వానల చివర్లో, ఒక సాయంత్రం, ప్రార్థన చేసుకుంటూ గోడకు ఆనుకుని అట్లాగే పోయింది. మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. అనుపమ మొయినాబాద్ దగ్గరి అత్తగారింటి నుంచి ఏడ్చుకుంటూ వచ్చి ఆశేర్ భుజం మీద పడింది. "అన్నా, అమ్మ ఒక్కటే అన్నది. ఆశేరున్నడు, నాకేం భయం లేదన్నది" అన్నది. భూస్థాపన మరునాడు పదకొండు గంటలకని పాస్టరు గారు చెప్పారు.

తెల్లవారగానే ఆశేర్ మంచం కింది నుంచి సంచి లాగాడు. రేచల్ లేచి కూర్చుని చూసింది. సంచి విప్పితే క్రాసు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. సుత్తితో కొడితే లోపలి బేరింగులు ఎర్రటి పొడిగా రాలాయి. కొత్తది కావాలి. షాద్‌నగర్ దుకాణానికి ఫోన్ చేశాడు. మైలార్‌దేవ్‌పల్లిలో తెలిసినవాడికి చేశాడు. ఇద్దరూ ఒకటే చెప్పారు. ఆ రోజు తెలంగాణ బందు, షట్టర్లు ఎత్తేవాడు లేడు.

రేచల్ మంచం దిగి వచ్చింది. "స్పేర్ అన్నవ్" అన్నది.

ఆశేర్ రాలిన ఎర్ర పొడిని అరచేత్తో కూడదీస్తున్నాడు.

"ఏమైతదిప్పుడు? కొండలన్న ట్రాక్టరున్నది గదా. పోయి చెప్పు. ఫోర్‌వీల్ పనిచేస్తలేదని ఒక్క మాట చెప్పు. చిన్నమ్మ కంటే ఎక్కువనా నీ పేరు?"

"చెప్త" అన్నాడు. చెప్పే ఉద్దేశంతోనే అన్నాడు. ముఖం కడుక్కుని తెల్ల చొక్కా వేసుకుని ప్రేమమ్మ ఇంటికి పోయేదాకా ఆ ఉద్దేశం గట్టిగానే ఉంది.

అక్కడ వాకిట్లో టార్పాలిన్ కింద పాతిక మంది ఉన్నారు. పాస్టరు గారు, సంఘ పెద్దలు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇద్దరు. కొండల్ తడుస్తూ వచ్చి అందరి ముందే అడిగాడు. "తమ్మీ, ఒర్రె కాడ చూసొచ్చిన. మోకాలు దిగుతున్నది. ట్రాక్టర్ పెడ్దామా? ట్రాలీ కడిగి, గడ్డి పరిచి, మీద చద్దర్ ఏస్త. అమ్మను మంచిగ తీస్కపోదాం."

అడగకుండానే దేవుడు దారి చూపించినట్టే. ఒక్క మాట, 'సరే అన్నా' అంటే అయిపోయేది. అందరి కళ్లూ ఆశేర్ మీద ఉన్నాయి. ఆ కళ్లే అతని కొంప ముంచాయి. మూడేళ్ల గొప్పలు ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి.

"పెంట మోసే ట్రాలీల మా చిన్నమ్మను తీస్కపోవాల్నా అన్నా? ఫోర్‌వీల్ ఉన్నది దేనికి?" అన్నాడు.

ఎవరో "అవ్ మల్ల" అన్నారు. అనుపమ కొంగుతో కళ్లు తుడుచుకుని అన్న వైపు చూసి తలూపింది. కొండల్ ముఖం చిన్నబోయింది. మూడేళ్ల కింద ఆశేర్ జీపును ఇంటికి లాక్కొచ్చింది ఆ ట్రాక్టరే కదా. "నీ ఇష్టం తమ్మీ" అని పక్కకు జరిగాడు. ఆడవాళ్ల మధ్య కూర్చున్న రేచల్ మొగుణ్ని చూస్తూనే ఉంది. ఆ వైపు మాత్రం ఆశేర్ చూడలేదు.

దాటుతామేమో అనే ఆశ లేకపోలేదు. ఎత్తు టైర్లు, వెనక బరువు ఉంది, వేగంగా దింపితే ఆ ఊపులోనే అవతలి గట్టు ఎక్కవచ్చు. పట్టాల మీద పెట్టె సుతారంగా లోపలికి జారింది. మిగిలిన జానెడు చోట బంతిపూలు పెట్టారు. కాలి కింద షాఫ్టు లేదని తెలిసిన మనిషి ఒక్కడే, స్టీరింగు పట్టుకుని, పెదవులు కదుపుతూ ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థన ఏ ముఖంతో చేశాడో ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఒర్రెలో సగం దూరం పోయాక జీపు ఆగింది. వెనక చక్రాలు ఒకటే తిరుగుడు. లేచిన బురద వెనక నడుస్తున్న అనుపమ తెల్ల చీర మీద, పాస్టరు గారి బైబిల్ సంచి మీద పడింది. "ఫోర్‌వీల్ ఎయ్యి, ఫోర్‌వీల్ ఎయ్యి" అని గట్టు మీద నుంచి నలుగురు అరిచారు. ఆశేర్ రాడ్డు గుంజాడు. ధన్‌మంది. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ జరగదని తెలిసీ గుంజాడు. యాక్సిలరేటరు తొక్కాడు. వెనక భాగం ఇంకో మూరెడు దిగింది. లోపల పెట్టె పట్టాల మీద కొద్దిగా వెనక్కి జారింది. ఆ కీచుమనే చప్పుడుకు అతను యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసేశాడు.

ట్రాక్టరు ఊళ్లో ఉంది. పైన ఎక్కడో పెద్ద వాన పడ్డట్టుంది, నీళ్లు పెరుగుతున్నాయి. ఇక ఆగడం మంచిది కాదని, మోసుకుపోదామని పాస్టరు గారు అన్నారు. ప్రేమమ్మ ఏది జరగకూడదని ఇన్నేళ్లు భయపడిందో, అదే జరగబోతోంది. ఎనిమిది మంది దిగారు. కొండల్ ముందు ఎడమ మూల పట్టాడు. ఆశేర్ వెనక మూల పట్టుకున్నాడు.

నాలుగు అడుగులు, పది అడుగులు. అవతలి గట్టు ఎక్కేచోట, ముందు కుడి మూల పట్టినవాడు కాలు జారి వదిలేశాడు. పెట్టె ముందు మూల ఒక్కసారిగా కిందికి వంగింది. వెనక ఆడవాళ్లు కెవ్వుమన్నారు. కొండల్ తప్పుకోలేదు. కాలు మడిచి మోకాలి మీద పడి, ఆ మూలను తొడ మీద ఆపాడు. మోకాలు బురద అడుగున రాయికి తగిలిన చప్పుడు వెనక ఉన్న ఆశేర్ దాకా వినబడింది. కొండల్ పళ్లు బిగించి, "పట్టుండ్రి, పట్టుండ్రి, పడనియ్యకుండ్రి" అన్నాడు. పట్టుకున్నారు. పెట్టె మట్టికి తగల్లేదు. ప్రేమమ్మ భర్త పక్కన చక్కగా దిగింది. గుంత దగ్గర అందరూ పాట పాడుతుంటే ఆశేర్ ఒర్రె వైపే చూస్తున్నాడు. కొండల్‌ను ఇద్దరు రెక్కలు పట్టుకుని వెనక్కి తీసుకుపోతున్నారు.

ఆశ్చర్యమేమంటే, ఒక్కరూ ఆశేర్‌ను తప్పు పట్టలేదు. అట్లా పట్టినా బాగుండేది. "గంత బురదల ఏ బండైనా ఏం చేస్తది?" అన్నారు. "నువ్వు చేసేది నువ్వు చేసినవ్" అని భుజం తట్టారు. తట్టిన ప్రతి చెయ్యికీ అతను కుంచించుకుపోయాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడు కదా.

కొండల్ మోకాలి చిప్ప పగిలిందని దవాఖానలో తేల్చారు. రెండు నెలలు కట్టు. మూడో రోజు ఆశేర్ పండ్లు పట్టుకుని పోయాడు. కొండల్ మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. "రా తమ్మీ, గా పండ్లెందుకు? ఆడ మట్టే గట్లుండె, నువ్వేం చేస్తవ్?" అన్నాడు, పెద్దగా అన్నాడు, వంటింట్లో ఉన్న భార్య రేణుకమ్మకు వినబడేట్టు.

ఆశేర్ నిలబడే ఉన్నాడు. "అన్నా, బండికి ముందు షాఫ్టు లేదు."

కొండల్ ముఖంలో ఏ మార్పూ లేదు. "ఎర్కనే" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు రాడ్డు గుంజంగ నేను పక్కకే ఉన్న. ఎనక గీరెలు తిరుగుతున్నయ్, ముంగటియి సచ్చినట్టున్నయ్. ట్రాక్టర్ నడిపేటోనికి గంత సమజ్ గాదా?"

"మల్ల అప్పుడే ఎందుకనలే?"

"అమ్మ పెట్టె ముంగట నిన్ను తిట్టుకుంట నిలబడుదునా?" కొండల్ కట్టు కట్టిన కాలు సర్దుకున్నాడు. "ఒక్కటడుగుత. ఆ పొద్దే ఇరిగిందా, ఎన్కటిసంది లేదా?"

తప్పించుకునే సందు ఒకటి కనబడింది. ఆ పొద్దే విరిగిందంటే సరిపోయేది, అడిగినవాడే ఆ సందు చూపించాడు. ఆశేర్‌కు ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కొండల్ కాలు వైపు చూశాడు.

"ఏడాదిన్నర సంది లేదన్నా. ట్రాక్టర్ వద్దన్నప్పుడు నాకు ఎర్కనే."

కొండల్ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. రెండు గ్లాసుల చాయ్ తెచ్చిన రేణుకమ్మ గడపలోనే ఆగిపోయి ఉంది. వచ్చి, ఒక గ్లాసు మొగుడి మంచం పక్కన పెట్టింది. రెండోది పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. తిట్టు తిట్టినా అంత తగిలేది కాదు.

"ఆదివారం చర్చిల అందరి ముంగట చెప్త అన్నా. అనుపమకు చెప్త" అన్నాడు ఆశేర్. ఆ మాట అనగానే మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది.

"చెప్పకు."

"అన్నా..."

"చెప్పకన్న గదా." కొండల్ ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆ పిల్ల ఏమనుకుంటున్నది? అన్న మాట నిలబెట్టిండు, వాన అడ్డమొచ్చింది అనుకుంటున్నది. గందుకే గింత ముద్ద తింటున్నది. నువ్వు పోయి చెప్తే ఏమైతది? నీ కడుపు చల్లగైతది, ఆమె కడుపుల నిప్పు పడ్తది. అమ్మ నిన్ను నమ్మి సచ్చిపోయిందని జిందగీ మొత్తం ఏడుస్తది. గా బరువు నీది. నువ్వే మొయ్యి."

ఆశేర్ చేతులు జోడించాడు. "నన్ను మాఫ్ చెయ్ అన్నా."

"నేను లేసి నడిచిననాడు చూద్దాం" అన్నాడు కొండల్.

బందులు సడలిన రోజున ఆశేర్ షాద్‌నగర్ పోయి క్రాసు తెచ్చాడు. గుంతలో దిగి షాఫ్టు బిగించాడు. గంటన్నర పట్టింది. పైకి వచ్చి చేతులు తుడుచుకుంటుంటే రేచల్ అడిగింది, "అయిపాయెనా? గంతేనా?" అవును, అంతే. అరిగిన క్రాసు ఒకటి, బోల్టులు ఎనిమిది, గంటన్నర పని. షెడ్డు వెనక కూర్చుని ఆశేర్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చిన్నమ్మ పోయిందని కూడా అప్పటిదాకా అంత ఏడవలేదు.

ఆ ఆదివారం ప్రేమమ్మ జ్ఞాపకార్థ కూడిక. చర్చి నిండిపోయింది. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళకు అనుపమ ముందుకు వచ్చి మైకు పట్టుకుంది. వారం రోజుల్లో ముఖం కాస్త తేరుకుంది. కొండల్ ఆ మాట ఎందుకు అన్నాడో ఆ ముఖం చూస్తే ఆశేర్‌కు అర్థమైంది. చెప్పేద్దామని మిగిలిన చిన్న ఆశ కూడా అక్కడే పోయింది.

"అమ్మకు ఒక్కటే రంది ఉండె" అన్నది అనుపమ. "అది అందరికి ఎర్కనే. కొండలన్న కాలిచ్చి ఆపిండు, దేవుడు ఆయన్ని జల్ది లేపాలె. గని మొదటిసంది అమ్మకిచ్చిన మాట మీద ఉన్నది మా ఆశేరన్న. ఆమె కోసమే బండి కొన్నడు, ఆమె కోసమే ఏడాది కష్టపడ్డడు. వాన గట్ల కొడ్తున్నా ఎన్కకు పోలే. అన్నా, ఒక్కసారి లేసి నిలబడు, అందరు చూడాలె."

పాస్టరు గారు లేవమని చెయ్యి చూపారు. ఆశేర్ లేచాడు. ముందు వరసల్లో ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి నవ్వు ముఖాలతో చూశారు. నేల చీలితే దిగిపోయేవాడు. పక్కన రేచల్ ఒళ్లో చేతులు పెట్టుకుని ఎదురుగా ఉన్న గోడను చూస్తోంది.

అనుపమ మైకును రెండు చేతులా పట్టుకుంది. "గిసోంటి అన్నను దేవుడు ప్రతి ఇంటికి ఇయ్యాలె."

"ఆమెన్" అన్నది సంఘమంతా. రేచల్ పెదవులు కదపలేదు. అనుపమ మైకు దించకుండా అన్న ముఖంలోకే చూస్తోంది, అతని నోటి నుంచి కూడా ఆ మాట రావాలని.

"ఆమెన్" అన్నాడు ఆశేర్.